మ్యూనిచ్‌లో చూచిన బిళ్లలు

జర్మనీదేశమున బవేరియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణము మ్యూనిచ్. మా మఱది కుమారు డచ్చట ఉద్యోగము చేయుచుండుటచే దసరా సెలవులలో మే మిరువురమును వెళ్లితిమి. ఆ పట్టణపు చిత్రశాలలను, ఇసారు నదీతీరమును వర్ణించినవారు పెక్కండ్రు గలరు గనుక వాని జోలికి పోము. సోదరీమణులకు మేము చెప్పదలచినది వెనుకటి వెండి అర్ధరూపాయియంత వస్తువును గూర్చి.

హిట్లరు పక్షమునకు జన్మస్థాన మీ పట్టణమే. 1930లో ఆ పక్షమువారు బ్రీన్నర్ వీధిలో నొక భవనమును కొని కార్యాలయముగా చేసికొనిరి. అది యుద్ధములో కూలినది. ఆ స్థలముననే 2015లో, జరిగిన దారుణములను దాచక తెలుపు తెల్లని ప్రదర్శనశాలను తెరచిరి. దక్షిణపు శివారున తెగెర్న్‌జే దారిలో మాత్రము వారి సామగ్రి కార్యాలయపు భవనము నేటికిని నిలిచియున్నది. ఏ కర్మాగారము ఏ బిళ్ల చేయవలెనో, ఏ చొక్కా కుట్టవలెనో అనుమతించిన కార్యాలయ మది.

ఆ బిళ్లలను మేము చూచినది మా పిల్లవాని పొరుగింట. ఇంటి యజమాని డెబ్బదియేండ్లు దాటినవాడు. గడియారములు బాగుచేయు వృత్తి చాలించి విశ్రమించినాడు. ఆ దేశమున నీ గుర్తులను బహిరంగముగా ప్రదర్శించుట నేరము. చరిత్రపరిశోధనకును బోధనకును మినహాయింపు గలదు. అందుచే వానిని తాళము వేసిన సొరుగున నుంచినాడు. మా వారు బడిపంతులని విని, తానే తీసి చూపినాడు.

ఎఱ్ఱని వలయము, దానిపై పక్షము పేరు, నడుమ తెల్లనినేలపై నల్లని స్వస్తికము. స్వస్తి యనగా క్షేమము. మన గడపలపై పసుపుకుంకుమలతో దిద్దుకొను గుర్తును వారు కొక్కెముల శిలువ యను పేర పిలిచి, మూలమీద నిలిపిరి. ఆ గుర్తు ధరించినవారి యేలుబడిలో అరువది లక్షల యూదులు హతులైరి. దానిని చేతిలోనికి తీసికొనుటకు మాకు మనసొప్పలేదు. ఆయనయే భూతద్దము క్రింద వెనుకకు త్రిప్పి పట్టినాడు.

ముందువైపు అన్నియు నొకటే, భేదములన్నియు వెనుకనే. ఒకదాని సూది పొడవు, వేరొకదాని కొక్కెము వెడల్పు. 1930వ దశకము తొలినాళ్ల వానిపై చట్టరక్షణ గలదను పొడియక్షరములును, కొన్నిటిపై చేసినవాని పేరును ఊరును గలవు. 1934 తరువాత క్రమముగా సామగ్రి కార్యాలయపు ముద్రయు, ‘ఎం’ అక్షరముతో నొక సంఖ్యయు వచ్చినవి. ‘ఎం’ యనగా లోహము. ఎం 1/52 యనిన మ్యూనిచ్‌లోని డెష్లర్‌వారు. ఎం 1/17 యనిన వెస్ట్‌ఫేలియాలోని ల్యూడెన్‌షైడ్‌లో గుండీలు చేయు అస్‌మన్‌వారు. కాగా నకిలీలును విస్తారమే. సంఖ్యకును పనితనమునకును పొంతన కుదరనిచో అనుమానింపవలెనట.

ఇంతటి సూక్ష్మపరిశీలన యేల, కరగించి పారవేయరాదా యని అడిగితిమి. ఆయన నవ్వక, ఎనామెల్ పెచ్చులూడిన బిళ్ల నొకదానిని వేరుగా నుంచినాడు. అది ఆయన మాతామహి గుండీల డబ్బాలో దొరకినది. మాతామహుడు బడిపంతులు. ఉద్యోగము పోవునన్న భయముచే, ఇతర ఉపాధ్యాయులతోపాటు 1937లో చేరితినని ఇంటివారికి చెప్పెడివాడట. అప్పుడు చేరినవానికి దొరకవలసినది సంఖ్యగల బిళ్ల. దీనిపై సంఖ్య లేదు. అరిగిన పొడియక్షరములు మాత్రమే యున్నవి.

అటుపిమ్మట ఆయన బెర్లినులోని ప్రభుత్వ దస్తావేజుశాలకు వ్రాసినాడు. 1945 వసంతమున సభ్యుల చీటీలను గుజ్జుచేయుడని మ్యూనిచ్ చెంత ఫ్రైమన్‌లోని కాగితపుమిల్లునకు బండ్లకొలది పంపిరి. మిల్లును నడపుచుండిన హాన్స్ హూబర్ గుజ్జుచేయక, చిత్తుకాగితముల క్రింద దాచి, అమెరికావారికి తెలిపెను. 1994 వరకు వారి వశముననుండి, తరువాత జర్మను ప్రభుత్వమునకు చేరిన ఆ కోటికి పైబడిన చీటీలలో మాతామహునిది గలదు. చేరిన సంవత్సరము 1932. అప్పటికి హిట్లరు ప్రభుత్వమే లేదు, నిర్బంధించువాడును లేడు.

“ఆయన పిల్లలకేమి చెప్పెడివాడు?” అని మా వారు మెల్లగా అడిగిరి.

“నాకు అక్షరములు నేర్పినది ఆయనే. ఎంతో ఓర్పుగా నేర్పెను,” అని ఆయన బదులు చెప్పినాడు. మా పిల్లవాడు తెనిగించి చెప్పిన పిదప చాలసేపు ఎవరమును పలుకలేదు.

గుండీల డబ్బాను ఆయన భార్య నేటికిని వాడుచున్నది. మేము బయలుదేరునప్పుడు మా చలికోటునకు గుండీ యొకటి ఊడియుండుట చూచి, ఆ డబ్బాలోనుండియే సరిపోవుదానిని వెదకి తీసి, నిలుచున్నపాటుననే కుట్టి యిచ్చినది.