గుండె గుబులు – కంటి ముందటి తోట

తెలుగులో 'గుండె' అన్న మాటకు శరీరావయవమనే అర్థంతో బాటు ధైర్యమనే అర్థం కూడ వున్నది. భయపడినవాని గుండె జారిందంటాము, సాహసవంతుని గుండెగలవాడంటాము. ఉర్దూలో 'దిల్' అన్న మాట కూడ అటువంటిదే. నెత్తురును తోడే అవయవమూ అదే, కోరికకూ దిగులుకూ నెలవైన మనసూ అదే. రెండు భాషలూ వినిపించే ఇంట పుట్టిన నేను చిన్ననాటినుండి ఈ మాటలు వింటూనే వున్నాను. కాని మా అబ్బాజాన్‌కు జబ్బు చేసేవరకు వాటిలోని సత్యం నాకు బోధపడలేదు.

రెండు సంవత్సరాల క్రితం ఆయనకు గుండెపోటు వచ్చినది. బైపాస్ శస్త్రచికిత్స జరిగినది. అంతా సక్రమంగా వున్నదని చెప్పి వైద్యులు ఇంటికి పంపినారు. అమ్మీజాన్ షుక్రానా నమాజు చదివినారు. బంధువులు వచ్చి పరామర్శించి పోయినారు. కోసి కలిపిన రొమ్ము ఎముక అతుకుకొన్నది, పైగాయమూ మానినది. మానవలసినదేదో లోపల మానలేదని మాత్రం మేము గ్రహించలేదు.

ముప్పయి యేళ్ళు ఉన్నత పాఠశాలలో ఉర్దూ బోధించి, ఫజర్ అజాన్ వినబడకముందే మసీదు దారి పట్టే ఆ మనిషి గడప దాటడం మానుకున్నారు. రాత్రులు పడుకొనక దిండ్లకు జేరగిలబడి కూర్చునేవారు. కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ ఎడమ మణికట్టు మీదనే వుండేవి. ఏమని అడిగితే "ఏమీ లేదు బేటా" అనేవారు. "డాక్టరుగారు బాగైపోయిందన్నారు గదా, ధైర్యంగా వుండండి" అని నేను అనేవాడిని. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. క్రమంగా ఆయన నాతో మాట్లాడటమే తగ్గించినారు. అది కోలుకోవడమని నేను పొరబడినాను.

ఆ దినాలలోనే గుండెజబ్బును గురించి దొరికినదెల్లా చదువసాగినాను. కెనడాలోని మాంట్రియల్ నగరంలో నాన్సీ ఫ్రేజర్-స్మిత్, ఆమె సహచరులు గుండెపోటుకు గురైన 222 మందిని ఆరు నెలలపాటు గమనించి, 1993లో ఫలితాలు ప్రకటించినారు. ఆసుపత్రిలో వుండగానే తీవ్రమైన కుంగుబాటుకు లోనైనవారిలో మరణాలు మిగిలినవారిలో కంటె చాల ఎక్కువగా కనిపించినవి. గుండెపోటు వచ్చినవారికి కీడు తెచ్చే కారణాలలో కుంగుబాటును కూడ చేర్చవలెనని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణుల సంఘం సూచించినది. కుంగిన మనిషి మాత్రలు సరిగా వేసుకొనడు, నడవడు, తిండిమీద, నిద్రమీద ధ్యాస వుండదు. ఇది చదివిన రాత్రి నాకు సిగ్గు కలిగినది. నేను పిరికితనమని తలచి మందలించినది ఒక వ్యాధిని!

ఆ చదువులోనే వర్చువల్ రియాలిటీ చికిత్సను గురించి తెలిసినది. తలకు తగిలించుకొనే ఒక పరికరం ఒక్కొక్క కంటికి కొద్దిపాటి తేడాతో బొమ్మను చూపుతుంది. తల తిప్పితే బొమ్మ కూడ తదనుగుణంగా తిరుగుతుంది. అందుచేత చూచేవాడు తాను ఆ దృశ్యంలోనే వున్నానని భావిస్తాడు. 1968లో ఐవాన్ సదర్‌లాండ్ ఇటువంటి పరికరాన్ని నిర్మించినపుడు దానిని పైకప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చినది. నేడు ఒక చేతితో ఎత్తవచ్చును. అమెరికాలోని సియాటిల్ నగరంలో హంటర్ హాఫ్‌మన్, ఆయన సహచరులు కాలిన గాయాలకు కట్లు మార్చే వేళ రోగులకు మంచులోకం చూపి, మంచుముద్దలు విసరే ఆట ఆడించినారు. బాధ తగ్గినది. మనసుకున్న ధ్యాస పరిమితమైనది. అది మంచులో వుంటే గాయానికి దక్కేది తక్కువ.

హృద్రోగుల విషయంలో పోలండులోని వ్రోత్స్వాఫ్ నగర పరిశోధకులు చేసిన ప్రయత్నం నన్ను మిక్కిలి ఆకర్షించినది. కుంగుబాటు, ఆందోళన కలిగిన కొద్దిమంది హృద్రోగులకు వ్యాయామ శిక్షణతో బాటు ఎనిమిది పర్యాయాలు ఒక తోటను చూపినారు. మొదట కళావిహీనంగా వున్న ఆ తోట రోజురోజుకూ రంగులు సంతరించుకొంటుంది. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, తోట చూచినవారిలో కుంగుబాటు, ఆందోళన తగ్గినవి; దానికి బదులు మామూలు విశ్రాంతి అభ్యాసం చేసినవారిలో చెప్పుకోదగిన మార్పు లేదు. పరీక్ష చిన్నది, దానితోనే సర్వం తేలిపోయినదనరాదు. పైగా కన్ను కదలికను చూస్తుండగా శరీరం కదలక వుండుటవలన కొందరికి తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. కనుక వైద్యుని సలహా లేనిదే హృద్రోగి దీని జోలికి పోరాదు.

హైదరాబాదులో ఇంజనీరింగు చదివే మా అక్క కుమారుడు సెలవులకు వస్తూ స్నేహితుని పరికరమొకటి తెచ్చినాడు. అది చికిత్స కాదు, వినోదం కొరకు చేసిన వస్తువు. అయినా డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్న పిమ్మట, "నానాజాన్, పది నిమిషాలు చూడండి" అని కుర్చీలో కూర్చుండబెట్టి తగిలించినాడు. చెట్ల నడుమ ఒక సరస్సు దృశ్యమది. అబ్బాజాన్ మెల్లగా తల తిప్పి అటూ ఇటూ చూచినారు. కొంతసేపటికి ఆయన వేళ్ళు మణికట్టును వదలి ఒడిలోనికి జారినవి. నేను గడియారం వంక చూడటం మరచినాను.

పరికరం తీసిన తరువాత ఆయన అన్నారు: "అక్కడున్నంతసేపు గుండె గుర్తుకు రాలేదు బేటా." పిమ్మట, అడగకుండానే, చెప్పుకొనిపోయినారు. పడుకుంటే మరల లేవనేమోనని భయమట. మసీదు దారిలో పడిపోతే పిల్లలు చూచి జడుసుకుంటారని వెళ్ళడం లేదట. "ధైర్యంగా వుండమంటివి. లేని ధైర్యాన్ని నీకెట్లా చూపేది?" అన్నారు. నావద్ద సమాధానం లేదు.

మరునాడే డాక్టరుగారికి ఉన్నదున్నట్లు చెప్పినాము. ఆయన మానసిక వైద్యుని వద్దకు పంపినారు. మాత్రలు, మాటలు, పర్యవేక్షణలో నడక – ఇవే మా అబ్బాజాన్‌ను నెమ్మదిగా గడప దాటించినవి. సరస్సు ఆయనను బాగుచేసినదని చెప్పను. పది నిమిషాలపాటు భయం పట్టు సడలించి, నోరు తెరిపించినది. మంచి చికిత్సకు ఆ మాత్రం తలుపు తెరుచుకోవడం అవసరం. ఇటువంటి సాధనాలు మన జిల్లా ఆసుపత్రులకు ఎన్నడు చేరునో గాని, అడిగే నోరు, వినే చెవి ప్రతి ఇంట వున్నవి. విద్యార్థి మిత్రులారా, మీ ఇంట హృద్రోగులుంటే రక్తపోటు లెక్కతో బాటు దిగులు లెక్క కూడ అడగండి.

ఇప్పుడు అబ్బాజాన్ అసర్ నమాజుకు నడచి వెళ్తున్నారు. ఒక్కొక్కనాడు సగం దారినుండి తిరిగివస్తారు. ధైర్యంగా వుండమని నేననడం లేదు. "ఈ రోజు భయం వేసినదా?" అని అడుగుతాను. "కొంచెం" అంటారు. ఇద్దరమూ కాసేపు అరుగుమీద కూర్చుంటాము.