ఎనిమిది పళ్లకు ముప్పైతొమ్మిది

మా నాన్నగారు 1973లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. చాలాకాలంగా దాని వెనక యాక్సిలు నుంచి సన్నగా వినిపిస్తూ వచ్చిన మూలుగు ఈమధ్య పెద్ద రోదగా మారింది. విప్పి చూస్తే పినియన్ పళ్ల అంచులు తినేసి ఉన్నాయి. జత మార్చక తప్పదు. ఎలాగూ మారుస్తున్నప్పుడు పాత రేషియోనే వెయ్యాలా, వేరేది వెయ్యాలా అన్న ప్రశ్న మా ఇంట్లో మూడు వారాలు నలిగింది.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. గేర్‌బాక్సు నుంచి వెనక్కు వచ్చే పొడవాటి షాఫ్టు చివర చిన్న పళ్లచక్రం ఉంటుంది, అది పినియన్. అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. మా కారులో పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 39. భాగిస్తే 4.875. అంటే షాఫ్టు దాదాపు అయిదు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట.

విప్పకుండానే దీన్ని తెలుసుకోవచ్చు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, దాన్ని రెండు చుట్లు తిప్పుతూ షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలి. రెండో చక్రం నేలమీద కదలకుండా ఉంటుంది కనుక డిఫరెన్షియల్ పుణ్యాన క్రౌన్ అందులో సగమే తిరుగుతుంది. అందుకే రెండు చుట్లు.

ఇందులో నన్ను ముచ్చటపరచిన సంగతి ఒకటుంది. ఎనిమిదికీ ముప్పైతొమ్మిదికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అందువల్ల ఒకసారి కలిసిన రెండు పళ్లు మళ్లీ కలుసుకోవాలంటే పినియన్ 39 చుట్లు తిరగాలి. అంతలో కారు 16 మీటర్లు ముందుకు పోతుంది. ఈలోగా ప్రతి పన్నూ అవతలి చక్రంలోని ప్రతి పన్నునూ పలకరిస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది.

కూకట్‌పల్లిలో ఉండే మా తమ్ముడి వాదన వేరు. "అన్నయ్యా, 43కి 10 వేద్దాం. ఇంగ్లండులో ఉన్న మా స్నేహితుడు పంపిస్తానంటున్నాడు. అమ్మను ఊరికి హాయిగా తీసుకెళ్లొచ్చు" అన్నాడు. అంటే 4.3. వాడి మాటలో లెక్క తప్పేమీ లేదు. మా టైరు ఒక చుట్టుకు నేలమీద దాదాపు 2 మీటర్లు పోతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 750 చుట్లు తిరగాలి. టాప్ గేరులో షాఫ్టూ ఇంజనూ ఒకే వేగంతో తిరుగుతాయి కనుక ఇప్పుడున్న జతతో ఇంజను 3,656 చుట్లు తిరుగుతుంది, వాడు చెప్పిన జతతో 3,225. ఆ తేడా చెవికి తెలుస్తుంది. సూర్యాపేట దాటాక అమ్మ వెనక సీట్లోంచి ఏం చెప్పినా రెండుసార్లు చెప్పించుకోవలసి వస్తోందన్నది నిజం.

పైగా 4.3కు వంశగౌరవం కూడా ఉంది. మా కారులోని 1,489 సీసీ ఇంజనే, రెండు కార్బ్యురేటర్లతో, 1955లో వచ్చిన ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకూ పెట్టారు. దాని వెనక యాక్సిలు 4.3. కాకపోతే అది ఇద్దరు కూర్చునే తేలిక బండి. మాది అయిదుగురు మనుషులనూ ఒక బియ్యం బస్తానూ మోయవలసిన సంసారి.

పంజాగుట్టలో మా బండి చూసే ఉస్తాద్‌తో మాట్లాడేటప్పుడు మొదట పెద్ద గందరగోళమే జరిగింది. నేను "పెద్ద రేషియో" అన్నది పెద్ద అంకె అనుకుని, ఆయనకు అర్థమైనది పెద్ద వేగం. రెండూ ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకం. చివరకు అంకెలు మానేసి పళ్లతోనే మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకున్నాం. విషయం తెలిశాక ఆయన ఒకటే అడిగాడు: "సార్, ఏడాదికి రెండుసార్లు ఊరికి పోయేతందుకు రోజూ క్లచ్ కాల్చుకుంటరా?"

ఆ ప్రశ్న నన్ను నాన్నగారి పుస్తకం దగ్గరకు పంపింది. పెట్రోలు పోయించిన ప్రతిసారీ మీటరు అంకె, తేదీ రాసిపెట్టడం ఆయన అలవాటు. ఆయన పోయాక అది నేను కొనసాగిస్తున్నాను. పేజీలు తిరగేస్తే మా కారు జీవితం కళ్లకు కట్టింది. బల్కంపేట ఎల్లమ్మ గుడి, నిమ్స్ ఆస్పత్రి, మైత్రీవనం, మళ్లీ ఇల్లు. 2017లో అమీర్‌పేటకు మెట్రో వచ్చింది. పైన రైళ్లు పరుగెడుతున్నా కింద స్తంభాల పక్కన మా నడక మారలేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా టాప్ గేరు పడితే అది పండగే.

43కి 10 వేస్తే ఒక్క టాప్ గేరులోనే కాదు, అన్ని గేర్లలోనూ లాగుడు 12 శాతం తగ్గుతుంది. మనిషి నడక వేగంతో పాకే చోట ఆ లోటును క్లచ్ ప్లేటు జారి పూడ్చాలి. జారిన ప్రతిసారీ అది వేడెక్కి అరుగుతుంది.

మధ్యేమార్గంగా 41కి 9 ఉంది కదా, అంటే సుమారు 4.56? రాణీగంజ్‌లో ఒకటి దొరికింది కూడా. కాని క్రౌన్ మీద చెక్కిన అంకె ఒకటి, పినియన్ మీద అంకె మరొకటి. ఈ రెండింటినీ ఫ్యాక్టరీలో కలిపి నూరి జతచేస్తారు. వేరువేరు జతల్లోంచి తెచ్చి కలిపితే కాపురం చెయ్యవు, కొత్త రోద మొదలవుతుంది. వదిలేశాను.

ఇక మీటరు సంగతి. స్పీడోమీటరు కేబులు గేర్‌బాక్సు నుంచి వస్తుంది, దానికి యాక్సిలులో జరిగిన మార్పు తెలియదు. 43కి 10 వేశాక దాన్ని సరిచేయించకపోతే, 60లో పోతుంటే 53 చూపిస్తుంది, వంద కిలోమీటర్లు పోతే 88 రాస్తుంది. సరిచేసేవారు ఉన్నారు, అది పెద్ద అడ్డంకి కాదు. అయినా నాన్నగారి చేతిరాత కింద తప్పుడు లెక్క ఒక్క రోజైనా రాయడం నాకు ఇష్టం లేకపోయింది.

అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే యాక్సిలు వినదు. ఒకే అంకెను ఎంచుకోవాలి. తమ్ముడితో చివరకు ఇలా అన్నాను: "హైవే మీద వేగం తగ్గించుకోవడం మన చేతిలో ఉందిరా. అమీర్‌పేటలో వేగం పెంచుకోవడం ఎవరి చేతిలోనూ లేదు." గంటకు 70లో పోతే మా ఇంజను 2,844 చుట్లే తిరుగుతుంది. ఊరు ఒక గంట ఆలస్యంగా వస్తుంది. వాడు ఒప్పుకోలేదు, ఊరుకున్నాడు. అమ్మ మాత్రం "మెల్లగా పోతే చెట్లు కనపడతాయి, పోనీయండి" అంది.

అలా 39కి 8 జతే, పాత స్టాకులోది, కొత్తగా వేశాం. ఉస్తాద్ పళ్లకు నీలిరంగు పూసి తిప్పి, మచ్చ పన్ను మధ్యలో పడేదాకా షిమ్ములు మార్చి మార్చి, ఒక రోజంతా కూర్చున్నాడు. మూలుగు పోయింది. ఊరి ప్రయాణం సంక్రాంతికి. తమ్ముడే నడుపుతానన్నాడు, 70 దాటనని మాటిచ్చాడు. అమ్మ వెనక సీట్లోంచి మీటరు చూస్తూ ఉంటుంది కనుక ఆ మాట నిలబడుతుందనే నా నమ్మకం.