ఒక ఫోను, ఇద్దరం

ఇంట్లో కూర్చుని పాఠం వింటే దూరం తగ్గినట్టేనని మనం అనుకుంటాం. ఆ దూరం ఒక్కోసారి ఒకే గదిలో ఇద్దరి మధ్య ఉంటుందని నేను నార్సింగిలో తెలుసుకున్నాను.

2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. నేనప్పుడు పదో తరగతి. చేవెళ్ళ వైపున్న మా పల్లెలో సిగ్నలు నిలవదు. నాన్న టమాటా బుట్టలతోపాటు నన్నూ బండెక్కించి నార్సింగిలో మా చిన్నాయన దగ్గర దింపాడు. చిన్నాయన అక్కడ కడుతున్న అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. "కంపెనీలన్నీ ఆడనే ఉన్నయి, సిగ్నలుకేం కొదువ?" అన్నాడు నాన్న.

నిజమే, సిగ్నలుకు కొదువ లేదు. గది బయట నిలబడితే ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అద్దాల మేడలు కనిపించేవి. కొదువైంది ఫోను. ఆ గదిలో టీవీ లేదు. ఉన్నది చిన్నాయన ఫోనొక్కటే. చదివేవాళ్ళం ఇద్దరం: నేను, తొమ్మిదో తరగతి చదివే చెల్లె. "పదో తరగతోడు, ముందు వాణ్ణి చూడనియ్" అంది చిన్నమ్మ. నా పాఠాలయ్యేసరికి ఫోను చిన్నాయన డ్యూటీకి పోయేది. రాత్రి యూట్యూబులో తన పాఠం చూద్దామంటే ఆ రోజు డేటా నేనే అవగొట్టి ఉండేవాణ్ణి. చెల్లె ఏమీ అనేది కాదు. గిన్నెలు తోముతూ నా పాఠమే వినేది.

2021లో మాకు పరీక్షలు రద్దయ్యాయి, అందరం పాసయ్యాం. 2022 మేలో పరీక్షలు మళ్ళీ జరిగాయి. చెల్లె లెక్కల్లో తప్పింది. చదువు మాని చిన్నమ్మ వెంట ఫ్లాట్లలో పనికి పోసాగింది.

సైన్సు విద్యార్థిని కనుక, తర్వాత 'సైట్' ప్రయోగం గురించి చదివాను. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆనాటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఊరికొక టీవీ, పెద్దా చిన్నా దాని ముందే కూర్చునేవారు. నలభై అయిదేళ్ళలో తెర అరచేతిలోకి వచ్చింది. కానీ అరచెయ్యి ఒకరిదే కదా! మా గదిలో అది నాది.

సర్కారు ఏం చేసింది, కంపెనీలేం చేశాయి అని మనం హాస్టల్లో గంటలకొద్దీ వాదించుకుంటాం. అడగవలసిందే. అయితే ఆ ఏడాది "ఇవాళ నువ్వు చూడు చెల్లె" అని నేను ఒక్కనాడూ అనలేదు. ఈ లెక్క మాత్రం ఇంకొకరి ఖాతాలో రాయలేను.

చెల్లె ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. ఆదివారాలు నార్సింగి వెళ్ళి లెక్కలు చెబుతున్నాను. మొన్న వర్గ సమీకరణాలు గబగబా చెప్పుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సమజ్ కాలే అన్నా, మళ్ళొకసారి చెప్పు."

మళ్ళీ మొదటినుంచి చెప్పాను.