అద్దం చాటు కన్ను

హైదరాబాద్ నుంచి విజయవాడకి సుమారు 275 కిలోమీటర్లు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ... సిటీలో ఉద్యోగాలు చేసే మా బెజవాడ బ్యాచ్‌కి ఈ వరస నోటికొచ్చు. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లని మీరూ టీవీలో చూసే ఉంటారు. కానీ ఎన్‌హెచ్ 65 మీద నాకు భయం ట్రాఫిక్ అంటే కాదు, రాంగ్ రూట్ అంటే. యూటర్న్ దూరమని డివైడర్ పక్కనుంచి ఎదురొచ్చే బైకులు, లైట్లు లేని ట్రాక్టర్లు.

పోయినేడు సూర్యాపేట దగ్గర మా నాన్నకి అలాగే ఒక బైకు ఎదురొచ్చి బంపర్‌కి తగిలింది. అదృష్టం, ఎవరికీ దెబ్బల్లేవు. ఐదు నిమిషాల్లో ఇరవై మంది పోగయ్యారు. మన దగ్గర రూల్ తెలిసిందేగా, పెద్ద బండిదే తప్పు. నాన్న 6 వేలు ఇచ్చి బయటపడ్డారు. డబ్బు సంగతి మర్చిపోయారు గానీ, "ఈ వయసులో కారెందుకయ్యా, కళ్లు కనపడతాయా?" అని గుంపులోంచి ఎవరో అన్న మాట మర్చిపోలేదు. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్న మనిషి, హైవే ఎక్కడం మానేశారు. నా దగ్గరికి రావాలంటే బస్సే.

డ్యాష్‌క్యామ్ పెడదామంటే మొదట ఒప్పుకోలేదు. పక్కింటివాళ్ల కారులో అద్దం మధ్య వేలాడే కెమెరానీ, గేర్ దాకా జారిన వైరునీ చూశారాయన. "కళ్ల ముందు ఆ తోరణం ఏంట్రా?" అన్నారు. పాయింటే. అలా పెడితే చూపుకి అడ్డం, పైగా బయట దొంగ కంట్లో పడుతుంది. కనపడకుండా పెడతానని మాటిచ్చా.

శనివారం పొద్దున్నే ఇంటి ముందు పని మొదలుపెట్టాం. బెజవాడ ఎండ సంగతి తెలుసు కాబట్టి, లిథియం బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉన్న మోడల్ కొన్నా. మే నెలలో అద్దాలు మూసిన కారులో బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంటుంది.

కెమెరాకి మంచి చోటు లోపలి మిర్రర్ వెనక, ఎడమ పక్కన. డ్రైవర్ సీట్లోంచి చూస్తే మిర్రర్ చాటున ఉండిపోతుంది. అయితే లెన్స్ వైపర్ తుడిచే భాగంలోనే ఉండాలి, లేదంటే వానలో రికార్డయ్యేది నీళ్లే. రెయిన్ సెన్సర్ లాంటివి ఉంటే వాటికి అడ్డం రాకూడదు. గ్లాసుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి స్టాండ్ అంటించా. టేపు గట్టిగా పట్టాలని కెమెరా తగిలించకుండా ఒక రోజు వదిలేశా.

తర్వాత వైరు. రూఫ్ లైనింగ్ అంచులోకి ప్లాస్టిక్ పుల్లతో నెట్టుకుంటూ పోతే మాయమైపోతుంది. కష్టమంతా ముందు అద్దం పక్కనుండే పిల్లర్ దగ్గరే. చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడే మొదలవుతుంది. వైరు దాని ముందు నుంచి పోతే బ్యాగ్ తెరుచుకునేటప్పుడు అడ్డుపడొచ్చు. అందుకే బ్యాటరీ కనెక్షన్ తీసి, ప్యానెల్ విప్పి, బ్యాగ్ వెనక నుంచి కంపెనీ వైర్ల కట్ట పక్కనే పోనిచ్చి కట్టేశా. టార్చ్ పట్టుకున్న నాన్న మాట్లాడకుండా చూశారు. వైరు దాచడం ఈజీ, ప్రాణానికి అడ్డం రాకుండా దాచడమే అసలు పని. చేయి తిరక్కపోతే ఈ ఒక్క భాగం మెకానిక్‌కి వదిలేయండి.

ఫ్యూజ్ ట్యాప్‌ల కోసం ఆటోనగర్ వెళ్లాం. లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, మధ్యలో టీ గ్లాసులు. షాపులో ఎలక్ట్రీషియన్ చెప్పిన రెండు ముక్కలు యూట్యూబ్‌లో గంట చూసినదానికంటే నయం. "వైరు కొయ్యమాక, వారంటీ పోద్ది. ట్యాప్ వేస్తే ఎప్పుడైనా పీకేయొచ్చు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి మాత్రం పోమాక తమ్ముడూ." మా కిట్‌లో మూడు వైర్లు. ఎర్రది తాళం తిప్పితే కరెంటు వచ్చే ఫ్యూజుకి, పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేదానికి, నల్లది బాడీకి ఎర్త్. ఏ ఫ్యూజు ఏదో మల్టీమీటర్ చెబుతుంది. పార్కింగ్‌లో కారు బ్యాటరీ 12.2 వోల్టులకి పడితే కెమెరా తనంతట తానే ఆగేలా పెట్టా.

ఆదివారం అమ్మ కూర్చోగానే అడిగింది, "మనం మాట్లాడుకునేవి కూడా ఎక్కుతాయా?" ఎక్కుతాయన్నా. "చుట్టాల సంగతులొస్తాయిరా, తీసెయ్." మైక్ ఆపేశా. దొంగకి కనపడకపోయినా, కారులో కూర్చున్నవాళ్లకి కెమెరా ఉందని తెలియాలి కదా.

స్టీరింగ్ నాన్నదే. గొల్లపూడి, నందిగామ, చిల్లకల్లు టోల్, కోదాడ దాకా కబుర్లు. సూర్యాపేట దగ్గర పడేసరికి ఆయన మాట తగ్గింది. ఊరు దాటాక అనుకున్నట్టే ఒక బైకు ఎదురొచ్చింది, వెనక గడ్డిమోపుతో. నాన్న స్లో చేసి పక్కకి తీశారు. అది వెళ్లిపోయింది. ఏమీ కాలేదు.

నిజంగా ఏదైనా అయితే ఏం చేయాలో దారిలోనే చెప్పా. కార్డు వెంటనే తీసి దాచాలి, కట్ చేసి ఇన్‌స్టాలో పెట్టకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 ప్రకారం కోర్టుకిచ్చే ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

కొర్లపహాడ్ టోల్ దాటాక టీకి ఆగాం. ఫోన్‌లో ఆ క్లిప్ పెట్టా. మూలన టైమ్ నడుస్తోంది. బైకు చుక్కలా కనపడింది 14వ సెకనులో. 15 తిరక్కముందే కారు స్లో అవడం మొదలైంది. పక్క సీట్లో ఉన్న నేను దాన్ని చూసింది ఇంకా తర్వాత. నాన్న ఆ ముక్క రెండుసార్లు చూశారు.

"ఇది ఉంటుందా, పోతుందా?" అన్నారు.

"లూప్ రికార్డింగ్ నాన్నా. కార్డు నిండాక దీని మీదే కొత్తది ఎక్కుతుంది."

"పోనీలే," అని టీ గ్లాసు పెట్టేసి, కారు తాళం తీసుకున్నారు.