కండ్లకలక – మా యింటి కాటుకభరిణె



నేను వైద్యశాస్త్రము చదివినదానను కాను. బాల్యమున మా తండ్రిగారి యొద్ద కొంత సంస్కృతమును, భారత భాగవతములను చదువుకొని, పిదప బడిపంతులుగారి యిల్లాలినై, వంటయింటికిని పిల్లల చదువులకును నడుమ దినములు గడుపుచున్న గృహిణిని. ఐనను ఒక వ్యాధి మా యింట మూడుమారులు ప్రవేశించి నాకు నేర్పిన పాఠము ఏ యొక్క తల్లికైనను ఉపయోగపడునేమో యను ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆ వ్యాధి కండ్లకలక. దానిని అల్పమని తలంచుటయే నేను చేసిన మొదటి తప్పు.

శోభకృత్సంవత్సరపు అధికశ్రావణమున, అనగా 2023 జూలై, ఆగస్టు మాసములందు, తెలుగు జిల్లాలలో ఈ వ్యాధి విరివిగా వ్యాపించిన సంగతి మీకు జ్ఞాపకముండును. మా వారు సాయంకాలములందు కొందఱు బీదవిద్యార్థులకు మా వీథియరుగుపై ఉచితముగా పాఠములు చెప్పుదురు. వారిలో ఏడవ తరగతి చదువు పిల్లవాడొకడు, కూలిపని చేసికొని బ్రతుకు తల్లికి ఏకైకపుత్రుడు, ఒకనాడు ఎఱ్ఱని కన్నులతో వచ్చెను. వారము తిరుగకమునుపే మా అమ్మాయికి, పిదప అబ్బాయికి, మా అత్తగారికి, తుదకు నాకును కన్నులు కలిగినవి. నేను కోపము పట్టజాలక, ఆ బాలుని అరుగుమీద నిలిపి, “ఇక నీవు మా యింటికి రావలదు” అంటిని. వాడు మాఱుపలుకక పుస్తకముల సంచి తీసికొని పోయెను. మా వారు నా ముఖము చూచి ఊరకుండిరి. పది పండ్రెండు దినములలో అందఱికి నెమ్మదించినది. శత్రువును గడప దాటించితినని నేను సంతోషించితిని.

భాద్రపదమున మరల వచ్చినది. ఈమాఱు ఉదయమున లేచునప్పటికి పిల్లల రెప్పలు పుసులతో అంటుకొని యుండెడివి. ఆ బాలుడు మా గడప తొక్కి నెలకు పైనైనది. దృష్టిదోషమని మా అత్తగారు ఉప్పు మిరపకాయలు దిగదుడిచిరి. నేను మాత్రము, బడిలో వానిప్రక్కన కూర్చుండుట వలననే వచ్చినదని వాదించితిని. మొదటిసారి మిగిలిన చుక్కలమందు బీరువాలో దాచి యుంచితిని గనుక, దానినే అందఱి కన్నులలోను వేసితిని. మందు వృథాగా పాఱవేయని నా పొదుపునకు నేనే మెచ్చుకొంటిని.

ఫాల్గునమున మూడవసారి మా అమ్మాయికి మాత్రమే కన్నులు ఎఱ్ఱబడినవి. రాత్రింబవళ్లు నలుపుకొనుచుండెను. అంగడికి పోయి, “కండ్లకలకకు మందిండు” అని అడిగి, వారిచ్చిన చుక్కలు తెచ్చి వేసితిని. ఒక్కనాటిలో ఎఱుపు మాయమైనది. అమృతము దొరకినదనుకొంటిని. మానినంతనే మరల ఎఱుపు. వేసినంతనే మరల తెలుపు. ఇట్లు రెండుమాసములు గడచినవి. వైశాఖమున ఒకనాడు అమ్మాయి, “అమ్మా, గోడమీద కాలెండరు అంకెలు మంచులో ఉన్నట్టు కనబడుచున్నవి” అన్నది. ఆ మాటతో నాకు చేతులు చల్లబడినవి. మఱునాడే పట్టణమునకు పోయి కంటివైద్యురాలిని కలిసికొంటిమి.

ఆమె పిల్ల కన్నులను యంత్రముతో పరీక్షించి, నేను తీసికొనిపోయిన సీసా చూచి, కొంతసేపు మాటాడలేదు. పిదప, “అమ్మా, దీనిలో స్టెరాయిడు ఉన్నది. పిల్ల కంటిలో ఒత్తిడి హెచ్చినది” అనెను. స్టెరాయిడు చుక్కలు ఎఱుపును వేగముగా అణచును గాని, పర్యవేక్షణ లేక దీర్ఘకాలము వాడినచో కంటిలోని ఒత్తిడిని పెంచి నీటికాసులకును, కొన్నియెడల శుక్లములకును దారితీయును; కంటిపాపపై క్రిములు చేరియున్నచో పుండును మఱింత పెంచును. నీటికాసుల వలన పోయిన చూపు మరల రాదు. ఇది వినినప్పుడు నా కడుపులో చిచ్చు పెట్టినట్లైనది. దైవానుగ్రహమున మా అమ్మాయికి అంతవఱకు రాలేదు. వైద్యురాలు ఆ మందు మాన్పించి, వేఱు చుక్కలిచ్చి, వారమువారము పరీక్షించెను. కొన్ని వారములకు ఒత్తిడి సరిపడినది, చూపు తేటపడినది. కాని ఆ వారములలో పిల్ల నిదురించుచుండగా దాని రెప్పలవంక చూచుచు నే గడపిన రాత్రులు నేను మఱువజాలను.

“ఒకే వ్యాధి మూడుమారులు ఏల వచ్చినది?” అని నేనడుగగా ఆమె నవ్వి, “మూడును ఒకటి కావమ్మా” అని ఓపికతో వివరించెను. ఎఱుపు అన్నింటను ఉండును, కారణములు వేఱు. మొదటిది వైరసు వలన వచ్చినది. సామాన్యముగా అడినోవైరసులను జాతి దీనికి కారణము. కన్ను నీరు కాఱును, ఇసుక పడినట్లు గరగరలాడును, ఒక కంటితో మొదలై రెండవ కంటికి ప్రాకును, పడిశెము గొంతునొప్పి తోడుగా ఉండవచ్చును. ఈ వైరసులలో ఏబదికి పైగా భేదములు కలవు గనుక, ఒకమాఱు వచ్చినంత మాత్రమున ఇక రాదని చెప్ప వీలులేదు. బాక్టీరియాను చంపు మందులు దీనిపై పనిచేయవు; ఒకటి రెండు వారములలో, కొందఱికి మూడువారములలో, తనంతట తగ్గును. రెండవది బాక్టీరియా వలన వచ్చినదై యుండును. పచ్చని చిక్కని పుసి దాని గుర్తు. మూడవది అంటువ్యాధియే కాదు, ఎలర్జీ. దుమ్ము, పుప్పొడి మున్నగునవి కొందఱు పిల్లల కంటికి సరిపడవు. రెండు కన్నులును దురదపెట్టును, తీగవలె సాగు పుసి వచ్చును, ఏటేట అదే ఋతువున తిరిగివచ్చును. నలిపినకొలది హెచ్చును.

“మఱి రెండవది ఎవరినుండి వచ్చినది?” అంటిని. ఆమె, “మీ యింట తువాళ్లు ఎన్ని? కాటుక ఎట్లు పెట్టుదురు? చుక్కల సీసా మొన ఎవరి రెప్పకైనను తగిలినదా?” అని అడిగెను. నేను తల వంచుకొంటిని. మా యింట స్నానాల గదిలో అందఱికి ఒక్కటే తువాలు. అత్తగారు పుట్టింటినుండి తెచ్చుకొన్న వెండి కాటుకభరిణెలో వ్రేలు ముంచి పిల్లలకు పెట్టి, అదే వ్రేలితో నేనును పెట్టుకొందును. దాచిన సీసామొన నాలుగు జతల కన్నులను తాకినది. పిల్లల కన్నులు తుడుచుటకు నా చీరకొంగు ఉండనే ఉన్నది. పేదబాలుని గడప దాటించిన నేను, వ్యాధిని వెండిభరిణెలో పెట్టి పోషించుచుంటిని!

ఇంటికి వచ్చిన రాత్రి నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున, ఒకరినుండి యొకరికి సంక్రమించు రోగములను చెప్పుచు, జ్వరాదులతోపాటు నేత్రాభిష్యందమును, అనగా ఈ కండ్లకలకను, పేర్కొనుట వారు నాకు పాఠము చెప్పియుండిరి. దేహస్పర్శ, నిశ్వాసము, సహభోజనము, ఒక్కటే శయ్య, ఒక్కటే ఆసనము, ఒకరి వస్త్రము, మాల, లేపనము మఱియొకరు ధరించుట – ఇవి యందు చెప్పబడిన త్రోవలు. ఆ శ్లోకము నాకు కంఠస్థమే. దానిని సభలో చదివి మెప్పుపొందితిని గాని, నా స్నానాల గదిలోని తువాలుకు అన్వయించుకొనలేదు. శ్లోకము నోటను, రోగము కొంగునను ఉండెను.

ఇప్పుడు మా యింట పాటించు పద్ధతులు చెప్పెదను. తువాలు, చేతిరుమాలు, దిండు ఎవరివి వారివే; గుర్తునకు అంచున రంగుదారము కుట్టితిని. కన్నులు కలిగినప్పుడు దిండుగలీబులను, తువాళ్లను దినదినము వేడినీట సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయుదును. కంటిని తాకుటకు ముందును, తాకిన పిదపను సబ్బుతో చేతులు కడుగవలెను. ఏలయన ఈ వ్యాధి చూపువలన అంటదు, చేతులవలన అంటును. రోగి కన్నులవంక చూచినంత మాత్రమున వచ్చునను మాట వట్టిది. నల్లకండ్లద్దములు వెలుతురు బాధను తగ్గించునే గాని అంటును ఆపవు. వైరసు తలుపు గడియపై, గొళాయిపై, సెల్‌ఫోనుపై దినములకొలది నిలిచి యుండగలదు గనుక వానిని కూడ తుడువవలెను.

పుసిని కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూదితో, ఒక కంటికి వాడినది రెండవ కంటికి వాడక, తుడిచి పాఱవేయవలెను. చన్నుబాలు, నందివర్ధనపు పూలరసము, పటికనీరు కంటిలో పోయరాదు. అవి మన పెద్దల ప్రేమకు గుర్తులే యైనను, క్రొత్త క్రిములను చేర్చగలవు. చుక్కలసీసా మూత తీసిన నెల దినములకు, సీసాపై అంతకంటె తక్కువ గడువు వ్రాసియున్నచో దానికే, పాఱవేయవలెను. ఒకరి సీసా మఱియొకరికి తగదు. ఎలర్జీగల పిల్లలకు నలుపుకొనుటకు మాఱుగా చన్నీటి తడిగుడ్డ వేయవలెను. కాటుక మానుట మేలు. అంగడిలో అమ్ము కొన్ని కాటుకలలోను సుర్మాలలోను సీసము ఉన్నట్లు పరీక్షలలో తేలినది. రెప్పల అంచులు పొట్టురాలుచు వాచుట, పసిబిడ్డకు కన్నీటినాళము మూసికొనియుండుట, కంటిపై ధరించు కటకములను శుభ్రపఱుపకుండుట కూడ కన్ను మాటిమాటికి ఎఱ్ఱబడుటకు కారణములే.

కంటిలో నొప్పి హెచ్చినను, చూపు మసకబాఱినను, వెలుతురు చూడలేకపోయినను, నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ కనబడినను, పుట్టిన నెలలోపు శిశువు కన్ను ఎఱ్ఱబడి చీము కాఱినను, ఆనాడే వైద్యుని చూడవలెను. అంగడివాని మాటపై స్టెరాయిడు చుక్కలు కొనవలదని చేతులు జోడించి వేడుచున్నాను.

కాటుకభరిణె మాటకు మా అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. అది వారి తల్లి యిచ్చినది. మఱునాడు వారే దానిని చింతపండుతో తోమి, అక్షతలు పోసి దేవునిపీఠమున ఉంచిరి.

ఇక ఒక్క పని మిగిలినది. ఒక సాయంకాలము నేనొక్కతెను ఆ బాలుని యింటికి పోయితిని. వాని తల్లి పీట వేసి, “అమ్మగారూ, వాడికి ఆనాడే వారంలో తగ్గిపోయింది. తమరు రమ్మంటే వద్దామని ఎదురు చూశాడండీ” అన్నది. నిష్ఠురముగా నన్నను బాగుండెడిది. ఆమె నిష్ఠురము లేక అన్నది. లెక్కలలో వాడు ఆ సంవత్సరము వెనుకబడెనని పిదప తెలిసినది. “తప్పు నాది తల్లీ, రేపటినుండి పంపుము” అని వచ్చితిని.

మఱునాడు వాడు వచ్చి అరుగుచివర, గోడకు ఆని, అందఱికి దూరముగా కూర్చుండెను. మా వారు ఏమియు అనక తమప్రక్క చాప సవరించిరి. నేను సబ్బుబిళ్ల, చెంబెడు నీళ్లు అరుగుమెట్టు కడ పెట్టి, వచ్చిన పిల్లలందఱను వరుసగా చేతులు కడుగుకొనుమంటిని. మొట్టమొదట మా పిల్లలచేతనే కడిగించితిని.