నాలుగో చరణం

ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కితే పైన అడ్రసు బారులో పచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతుంది. మామూలుగా అది కంటికి ఆనేలోపే ఫైళ్లు కనిపిస్తాయి. ఆ సోమవారం పొద్దున గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. నేను టీ తాగి గ్లాసు కిందపెట్టాక కదిలింది.

తెనాలిలో మాది చిన్న డీటీపీ సెంటరు. పెళ్లికార్డులు, పరీక్ష పేపర్లు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక పుస్తకం. కంప్యూటరు 2011లో కొన్నది. విండోస్ 7, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డుడిస్కు. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు దాని మీద కుదురుగా నడుస్తున్నాయి కాబట్టి మార్చాలనిపించలేదు. పాతదైపోయింది, నెమ్మదించక ఏం చేస్తుంది అని సరిపెట్టుకున్నాను. నా మొదటి తప్పు అదే. పాతబడ్డ మిషను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా మందగిస్తుంది. శనివారం రాత్రి దాకా బాగా నడిచి సోమవారానికి చతికిలబడిందంటే దానికేదో అయిందని అర్థం. ఆ తేడా నాకు తట్టలేదు.

వైద్యం మొదలుపెట్టాను. టెంపరరీ ఫైళ్లు తుడిచేశాను. వైరస్సేమోనని రాత్రంతా ఫుల్ స్కాన్ పెట్టి ఇంటికెళ్లాను. మర్నాడు ఇంకా నెమ్మదించింది. డీఫ్రాగ్ చేస్తే వేగం పెరుగుతుందని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చి అదీ చేశాను. తర్వాత చెక్‌డిస్క్, అదీ స్లాష్ ఆర్ పెట్టి, మొత్తం డిస్కు వెతకమని. పదకొండు రోజులు ఇదే తంతు. మధ్యలో ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసరు వాడకం నాలుగు శాతం. ర్యామ్ సగం కూడా నిండలేదు. అంతా బాగానే ఉందనుకుని మూసేశాను. నాకు కావలసిన జవాబు అక్కడే ఉంది. ప్రాసెసరు ఖాళీగా కూర్చుని కూడా పని సాగడం లేదంటే, అది అడిగింది ఇంకెవరో అందివ్వడం లేదన్నమాట. ఆ ఇంకెవరో హార్డుడిస్కు.

ఒక సాయంత్రం షట్టరు సగం దించి కూర్చున్నప్పుడు టిక్, టిక్ అని వినిపించింది. బల్లి అనుకుని గోడ కేసి చూశాను. గోడ మీద ఏమీ లేదు. చప్పుడు నా మోకాలి పక్కన, సీపీయూలోంచి వస్తోంది.

మర్నాడు హార్డువేర్ కుర్రాడిని పిలిచాను. ముందు పెన్‌డ్రైవులు, కార్డు రీడరు పీకించాడు. ఇప్పుడు నెట్‌వర్కులో లేని కంప్యూటరుకి ఎప్పుడో కలిపిన నెట్‌వర్కు డ్రైవు ఏదైనా మిగిలి ఉందా అని చూశాడు. దానికోసం వెతుకుతూ కూడా ఫోల్డర్లు ఇలాగే ఆగిపోతాయట. మా దగ్గర అలాంటిదేమీ లేదు. అప్పుడు రిసోర్స్ మానిటర్‌లో డిస్కు పేజీ తెరిచాడు. రెస్పాన్స్ టైమ్ అనే వరస ఒకటుంది. బాగున్న హార్డుడిస్కుకి అది పది ఇరవై మిల్లీసెకన్లలో ఉంటుంది. నాది వేలల్లో ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్కు పేరు మీద 7 అనే నంబరుతో ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి. పాడైన బ్లాకు తగిలిందని విండోస్ రాసిపెట్టుకునే గుర్తు అది. మొదటిది శనివారం రాత్రిది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెట్టగానే పసుపు రంగు వచ్చింది. C7 వరసలో సున్నా ఉంది, అంటే కేబులు తప్పు కాదన్నాడు. C5లో సున్నా లేదు.

“బాబాయ్, ఏమీ ముట్టుకోకు. ముందు పవర్ తీసెయ్” అన్నాడు.

తర్వాత నిదానంగా చెప్పాడు. డిస్కు మీద ఒక సెక్టారు చదవడానికి రాకపోతే డిస్కు వదిలేయదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ కొన్ని సెకన్లూ వెనక క్యూలో ఉన్నవన్నీ ఆగిపోతాయి. ఇంకా చదవలేకపోతున్న సెక్టార్ల లెక్క C5. ఇక నేను చేసిన వైద్యం. ఫుల్ స్కాన్ ప్రతి ఫైలునీ చదివిస్తుంది. డీఫ్రాగ్ చదివించి, వేరేచోట మళ్లీ రాయిస్తుంది. స్లాష్ ఆర్ ఒక్క సెక్టారు కూడా వదలదు. ఊపిరాడని మనిషిని లేపి మెట్లెక్కించినట్టు, పదకొండు రోజులూ నేను చేసింది అదే. మొదటి రోజు, డిస్కు ఇంకా పలుకుతున్నప్పుడు, మళ్లీ తయారు చేయలేని ఫైళ్లు నాలుగు బయటికి తీసి ఉంటే అరగంట పని.

ఆ నాలుగింటిలో ఒకటి మా తెలుగు మాస్టారి పుస్తకం. ఆయన భార్య పాడుతుండగా ఆయన నోటుబుక్కుల్లో రాసుకున్న పెళ్లిపాటలు. ఆవిడ పోయాక అచ్చు వేయించాలనుకున్నారు. రెండో ప్రూఫు దాకా కాగితం మీద దిద్దారు. ఆ తర్వాత చూపు బాగా తగ్గింది. మూడోసారి నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను పైకి చదువుతుంటే ఆయన చెప్పడం, నేను స్క్రీను మీదే దిద్దేయడం. ఆరు మధ్యాహ్నాలు. ప్రింటు తీయలేదు. పెన్‌డ్రైవులో ఎక్కించిన కాపీ రెండో ప్రూఫుది.

కుర్రాడు డిస్కు విప్పి తన దగ్గరికి తీసుకెళ్లి డీడీరెస్క్యూ పెట్టాడు. అది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, మొండికేసినవి చివరికి పెట్టుకుంటుంది. రెండు రాత్రులు పట్టింది. పెళ్లికార్డులన్నీ వచ్చాయి. పరీక్ష పేపర్లు వచ్చాయి. మాస్టారి ఫైలు పేరు కనిపించింది, సైజు కనిపించింది, పేజ్‌మేకర్ మాత్రం తెరవలేదు.

ఇప్పుడు విండోస్, పేజ్‌మేకర్ 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నాయి. అదే పాత కంప్యూటరు, పచ్చ గీత కంటికి ఆనడం లేదు. సాయంత్రం షట్టరు దించేముందు ఆ రోజు దిద్దిన ఫైళ్లు రెండు చోట్లకి వెళ్తాయి, ఒకటి ఇంటికి నాతోపాటు వస్తుంది. నెలకోసారి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరుస్తాను.

మాస్టారికి చెప్పడానికి వెళ్లినప్పుడు నాకు మాట రాలేదు. ఆయనే, “నోటుబుక్కులు ఉన్నాయిగా అబ్బాయ్, మళ్లీ కూర్చుందాం” అన్నారు. కూర్చున్నాం. అప్పగింతల పాట దగ్గరికి వచ్చాం. నోటుబుక్కులో దానికి మూడు చరణాలే ఉన్నాయి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన కళ్లు మూసుకుని, ఆవిడ ఇంకోటి పాడేదిరా అని నాలుగోది అందుకున్నారు. నేను టైపు చేశాను.

ఈసారి చాలాసేపు కళ్లు మూసుకున్నారు. వరస కూనిరాగంలో వచ్చింది. మాటలు రాలేదు. నువ్వు రాశావు కదా, ఎలా మొదలవుతుందో చెప్పు అన్నారు. నాకూ గుర్తులేదు.

పుస్తకం వచ్చింది. అందులో ఆ పాటకి మూడు చరణాలున్నాయి.