సనాయాలో టైర్ల కొట్టు

దోహా ఇండస్ట్రియల్ ఏరియాను మనవాళ్లు సనాయా అనే అంటారు. అక్కడి వీధులకు పేర్ల కంటే నంబర్లే గుర్తు. శుక్రవారం పొద్దువాలాక నేను వెళ్లిన టైర్ల కొట్లో పనిచేసే కుర్రాడిది జగిత్యాల దగ్గరి పల్లె.

లోపల ఒక కామ్రీ జాకీ మీద ఉంది. దాని యజమాని గుంటూరు ఇంజినీరు. స్పోర్ట్స్ కార్లకు వేసే సమ్మర్ టైర్లు వేయించుకుందామని వచ్చాడు. "ఇక్కడ ఏడాదంతా ఎండాకాలమే కదా తమ్ముడూ, అవే కరెక్టు" అన్నాడు. ఆ మాటలో సగం నిజముంది. ఆ టైర్ల రబ్బరు వేడిలో రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, చలి 7 డిగ్రీల దాపుకు వస్తే బిగుసుకుపోతుంది. యూరప్‌లో చలి దేశాలవాళ్లు ఏటా రెండుసార్లు టైర్లు మార్చుకునేది అందుకే. దోహాలో జనవరి రాత్రి కూడా సగటున 13, 14 డిగ్రీలుంటుంది. 2010 జూలైలో ఏకంగా 50.4కు పోయింది. అంటే ఆ టైరుకున్న పెద్ద లోపం ఇక్కడ లెక్కలోకే రాదు.

కుర్రాడు రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టి, పక్కగోడ మీది చిన్న అక్షరాలపై వేలు పెట్టాడు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద ట్రెడ్‌వేర్ 300. మామూలు టూరింగ్ టైరు మీద 500 పైచిలుకు. "అంకె తక్కువుంటే జల్ది అరుగుతది సార్" అన్నాడు. ఈ అంకెలు కంపెనీలు ఎవరికి వారు వేసుకునేవే, అంచనాకు మాత్రం పనికొస్తాయి. వేగం చెప్పే అక్షరాలూ ఉన్నాయి: హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వై అంటే 300. ఖతార్ హైవేల మీద ఎంత పోయినా పరిమితి 120. మిగిలిన 180 దేనికో ఇంజినీరుగారే చెప్పాలి.

వేగం సంగతి పక్కనబెడితే, ముందు బండి హఠాత్తుగా ఆగినప్పుడు త్వరగా నిలబెట్టేదీ ఈ మెత్తని రబ్బరే. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఇక్కడ టైర్లను చంపేది పట్టు లేకపోవడం కాదు, వేడి. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు 10 నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఖతార్‌లో నిబంధన ఉంది. టైర్లకు ఆ సెలవు లేదు.

అప్పుడే ఊడదీసిన పాత టైరును కుర్రాడు బోర్లించి లోపల చెయ్యి పెట్టి తీశాడు. అరచేతిలో నల్లటి పొడి. గాలి తక్కువతో నడిపితే పక్కగోడ మడతపడి, తనలో తానే వేడెక్కి, లోపల్నుంచి రాలే రబ్బరు అది. "ఎండకు పేల్తదని మధ్యాహ్నం గాలి తీపిస్తరన్నా. పొద్దుగాలకు ఇంకా తక్కువైతది" అన్నాడు నాతో. వేడికి గాలి వ్యాకోచించి మీటరు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి తీసేస్తే, చల్లబడ్డాక ఉండాల్సినదానికంటే తగ్గుతుంది. టైరు పేలేది అలాంటప్పుడే. గాలి చూడాల్సింది తెల్లవారుజామున, బండి కదలకముందు. ఈ పని తప్పితే ఎంత ఖరీదైన టైరైనా ఒకటే.

ఊరికి అవతలి చివర లుసైల్ సర్క్యూట్ ఉంది. 2023 అక్టోబర్ ఫార్ములా వన్ పందెంలో, అంచు రాళ్ల దెబ్బకు టైర్ల పక్కగోడలు లోపల విడిపోతున్నాయని ఒక్కో సెట్టు 18 ల్యాప్‌లకు మించకూడదన్నారు. ల్యాప్ 5.419 కిలోమీటర్లు, అంటే మొత్తం 100 కిలోమీటర్లు కూడా లేదు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన రబ్బరు పరిస్థితి అది. మన కార్ల పక్కగోడలు అంత నాజూకు కావు. అయినా సన్నపాటి లో-ప్రొఫైల్ టైరును స్పీడ్ బ్రేకర్ల మీద, సనాయా గుంతల్లో రోజూ దించేవాడు ఆలోచించుకోవాలి. బండితోపాటే ఆ టైర్లొచ్చిన పోర్షేకు అవే వేయాలి. ఆఫీసుకు, లూలూ హైపర్‌మార్కెట్‌కు తిరిగే కామ్రీకి తాజా తేదీ ఉన్న మంచి టూరింగ్ టైరు చాలు.

ఇంజినీరు చివరికి ఒప్పుకున్నాడు. కుర్రాడు కొత్త టైర్ల పక్కన నాలుగంకెల తేదీ చూపించి, డిక్కీ తెరిపించి స్టెప్నీ బయటికి లాగాడు. దాని మీద 3516. అంటే 2016లో 35వ వారం. గ్రిప్పు మీద ఇంకా సన్నని రబ్బరు వెంట్రుకలున్నాయి, రోడ్డు ముఖమే చూడలేదు. పక్కగోడ నిండా పగుళ్లు. నాలుగు టైర్లకు కుదిరిన బేరం ఐదుకు మళ్లీ మొదలైంది.